చార్జి అప్పగింత

కూర్చో తమ్ముడూ. ఆ కుర్చీలో కాదు,
దాని ఒక కాలు నమ్మదగింది కాదు.
లారీ తెల్లారి నాలుగింటికి వస్తుంది.
ఈలోగా ఈ రిజిస్టరు మీద
నువ్వో సంతకం, నేనో సంతకం.

హార్మోనియం ఒకటి, రెండు మెట్లు పలకవు.
ప్రభు భోజనపు గిన్నెలు నలభై, ఒకటి తక్కువ.
గంట ఒకటి. తాడు కొత్తది,
బర్నబాసు తన గేదె పలుపు విప్పి ఇచ్చాడు.
తాళంచెవులు మూడు.
సరిపోయిందని రాయి.

ఇక రాయని లెక్క.

యార్డులో మిర్చి దిగే రోజుల్లో
గాలి ఇటు తిరుగుతుంది.
వాక్యం మధ్యలో సంఘమంతా దగ్గుతుంది,
నీ ప్రసంగం బాగోలేక అనుకోకు.
ఆపు. నీళ్ళు తాగనీ. ఆనక తొందరగా ముగించు.
ముచ్చికలు తీసే ఆడవాళ్ళు
ఆదివారం కూడా మండే చేతులతోనే వస్తారు.
అరచేతిలో పెట్టిన రొట్టె
నోట్లోకి వెళ్ళేసరికి కారమెక్కుతుందని
ఒకామె నవ్వుతూ చెప్పింది నాతో.
సెమినరీలో ఇది ఏ పుస్తకంలోనూ లేదు.

జకరయ్యగారిచ్చిన ఫ్యాను రెక్కల మీద
ఆయన పేరుంది.
తిరిగితే పేరు కనబడదని ఆయన బాధ,
తిరక్కపోతే ఉక్కపోతని కోశాధికారి బాధ,
రెండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.
ఆయన వచ్చి, తలెత్తి ఓసారి చదువుకున్నాక
అప్పుడు వెయ్యి స్విచ్చి.

సువార్తమ్మ మన బైబిలు స్త్రీ.
జీతం పన్నెండు వందలు, అదీ మూణ్ణెల్లకోసారి.
ఎవరింట్లో పొయ్యి వెలగలేదో
ఎవరి కోడలు రాత్రంతా అరుగు మీద కూర్చుందో
నాకంటే ముందు ఆవిడకి తెలుస్తుంది.
అయ్యగారూ అని పిలిచేది మాత్రం నన్ను.

ఇంకొకటి ఉంది.
ఆ లైటు తీసెయ్యి, కళ్ళు లాగుతున్నాయి.

మూడేళ్ళ క్రితం, ఆగస్టులో,
ఎస్తేరురాణి కొడుకు తన చేతులారా పోయాడు.
పందొమ్మిదేళ్ళు.
ప్రభువు ప్రార్థన నా దగ్గరే నేర్చాడు,
అనుదినాహారము దగ్గర ఎప్పుడూ తడబడేవాడు.
కమిటీ కూర్చుంది.
సమాధుల తోటలో చోటు కుదరదంది.
నాకూ ఒక మాట ఉంది,
నోట్లోనే ఉంచుకున్నాను.
తెల్ల అంగీ ఇస్త్రీ చేసి
ఆ మేకుకే తగిలించి ఉంది, చూడు, అదే మేకు.

కాలవగట్టుకి సువార్తమ్మ వెళ్ళింది.
పుస్తకం కూడా పట్టుకెళ్ళలేదట.
నోటికొచ్చిన కీర్తన ఏదో చెప్పి
పిడికెడు మన్ను వేసి
ఆ తల్లిని ఇంటికి నడిపించుకొచ్చి
నీళ్ళు పోసిందట.
ఆ పూట ఈ సంఘానికి కాపరి ఎవరో
ఏ కాలంలో రాయమంటావు?

మర్నాడు ఆదివారం
తప్పిపోయిన గొర్రె మీద వాక్యం చెప్పాను.
ఎవ్వరూ దగ్గలేదు.

ఎస్తేరురాణి ఇప్పటికీ వస్తుంది.
మూడో వరస, కిటికీ పక్క.
నెలనెలా మోకరించి చేతులు చాస్తుంది,
నేను రొట్టె పెడతాను.
ముప్పై ఆరుసార్లు ఆ అరచేతులే చూశాను,
గోళ్ళ కింద ఎర్రటి పొడి,
బొటనవేలి మీద పాత కాటు.
మొహం అడిగితే చెప్పలేను.

మూడో తాళంచెవి దేనిదన్నావు కదూ.
సమాధుల తోట గేటుది.
తుప్పు పట్టింది,
కాస్త నూనె రాస్తే తిరుగుతుంది.
నేనెప్పుడైనా రాశానా అని అడక్కు.

సంతకం ఇక్కడ.
కాదు, ఆగు.
టైమెంతయింది? మూడు కావస్తోందా?
నల్లపాడు రోడ్డు, రెండో సందు,
యార్డు పనికని ఆమె ఈపాటికే లేస్తుంది.
నా చెప్పులు ఆ పెట్టెల వెనక ఉన్నాయేమో చూడు.
నువ్వు రానక్కర్లేదు.
లారీవాడొస్తే
కాసేపు ఆగమను.